కాల్షియం సీసా కొనేముందు కుక్క గిన్నెలో ఏముందో చూడండి

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు కుక్కల గురించి పత్రికల్లో వచ్చే సలహాల్లో 'కాల్షియం, విటమిన్ టానిక్ పట్టండి' అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ఏ వయసుకు, ఎంత, రోజూ ఏం తినే కుక్కకు అన్నది మాత్రం ఉండదు. ల్యాబ్రడార్ పిల్లను కొంటే దాంతోపాటే ఒక కాల్షియం సిరప్, ఒక లివర్ టానిక్, ఒక మల్టీవిటమిన్ చుక్కల మందు చేతిలో పెట్టి పంపడం మన ఊళ్లలో మామూలైపోయింది. కొన్నవాళ్లు ప్రేమకొద్దీ పూటపూటా పోస్తారు. ఆ పోసిందే కొన్ని పిల్లలకు కీడు చేస్తోంది. అందుకే ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు గిన్నెలో ఏముందో తేల్చుకోవాలి. ప్యాకెట్ ఆహారం మీద 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అనీ, 'పప్పీ' లేదా 'గ్రోత్' అనీ ఉంటే కావలసిన ఖనిజాలు, విటమిన్లు అందులోనే కలిపి ఉంటాయి. తేమ తీసేసి లెక్కగడితే పిల్లల ఆహారంలో కాల్షియం కనీసం 1.2 శాతం ఉండాలని, జంతువుల ఆహారానికి ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ ఆఫ్కో ప్రమాణం. పెరిగాక 32 కిలోలు దాటే జాతుల పిల్లలకు 1.8 శాతం మించకూడదని కూడా అదే చెబుతుంది. ల్యాబ్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, గ్రేట్ డేన్ పిల్లలకు ఈ పై హద్దే ముఖ్యం. ఆ ప్యాకెట్ పెడుతూ పైన సిరప్ పోస్తే హద్దు దాటిపోతుంది.

దాటితే ఏమవుతుంది? ఎదిగిన కుక్క పేగు అక్కర్లేని కాల్షియాన్ని చాలావరకు లోపలికి రానివ్వదు. ఆరు నెలల్లోపు పిల్లకు ఆ అదుపు ఇంకా కుదరదు. ఎంత పోస్తే అందులో పెద్ద భాగం ఒంట్లోకి వెళ్లిపోతుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో గ్రేట్ డేన్ పిల్లల మీద 1980లలో జరిగిన పరిశోధనలు దీన్ని స్పష్టంగా చూపాయి. ఎముకగా మారాల్సిన మృదులాస్థి మారకుండా నిలిచిపోతుంది, ముందుకాళ్లు వంకర తిరుగుతాయి, కీళ్లు నొప్పి పెడతాయి. ఎక్కువైన కాల్షియం జింక్‌ను కూడా పేగులో అడ్డుకుంటుంది. అప్పుడు కళ్ల చుట్టూ, మూతి చుట్టూ చర్మం పొరలు పొరలుగా గట్టిపడుతుంది. దానికి ఇంకో చర్మం టానిక్ కొనిపిస్తారు!

కాల్షియం తక్కువైనా కాళ్లు వంగుతాయి. అందుకే కంటితో చూసి సిరప్ రాసేయకూడదు, ఎక్స్‌రే తీయాలి. ఎముక గోడ కాగితంలా పలచబడి ఉంటే లోపం. అలా లేకపోతే ఎముక చివర్లలోని ఎదుగుదల రేఖలు, మోచేయి, పిల్ల బరువు, ఇంట్లో జారే గ్రానైట్ నేల, ఇవన్నీ చూడాలి.

లోపం ఎక్కువగా ఇంటి వంట తినే కుక్కల్లో వస్తుంది. మనవాళ్లు పెట్టేది చికెన్ అన్నం, పెరుగన్నం. 20 కిలోల పెద్ద కుక్కకు రోజుకు దాదాపు 1,000 కిలోకాలరీలు, 1 గ్రాము నుంచి 1.25 గ్రాముల కాల్షియం కావాలి. పావు కిలో ఎముక లేని చికెన్, 150 గ్రాముల బియ్యం కలిపినా 50 మి.గ్రా.కు అటూఇటూగానే వస్తుంది. అంటే ఇరవయ్యో వంతు. పాలతో పూడ్చాలంటే 800 మి.లీ. పైగా తాగించాలి, చాలా కుక్కలకు విరేచనాలు పట్టుకుంటాయి. రాగుల్లో 100 గ్రాములకు 350 మి.గ్రా. దాకా ఉంటుంది కానీ అందులోని ఫైటేట్ అనే పదార్థం కొంత భాగాన్ని ఒంటబట్టనివ్వదు. రాగి జావ మంచిదే, దాని మీదే ఆధారపడితే చాలదు.

ఇక్కడే చాలామంది తప్పు సీసా కొంటున్నారు. భాస్వరం మాంసం, అన్నంతో చాలావరకు వచ్చేస్తుంది, కొరత కాల్షియానికే. కాల్షియం, భాస్వరం రెండూ కలిసిన సిరప్ పోస్తే నిష్పత్తి సరిపడదు. ఆహారం మొత్తంలో కాల్షియం భాస్వరం కంటే కొంచెం ఎక్కువగా, 1.2కి 1 చొప్పున ఉండాలి. కాబట్టి ఇంటి వంట తినే పెద్ద కుక్కకు కాల్షియం కార్బొనేట్ ఒక్కటే సరైనది, అది గుడ్డు పెంకులో ఉంది. పెంకును కడిగి, లోపలి పొర తీసి, పది నిమిషాలు మరిగించి, బాగా ఆరబెట్టి, మిక్సీలో పిండిలా పట్టాలి. పలుకులు మిగిలితే ఒంటబట్టవు, పేగునూ గీస్తాయి. ఒక గ్రాము పొడిలో 380 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. పైన చెప్పిన 20 కిలోల కుక్కకు రోజుకు 3 గ్రాములు, అంటే అర టీస్పూనుకు కొంచెం అటూఇటూ, అన్నంలో కలిపితే చాలు. ఎదిగే పిల్లకు, మూత్రపిండాల జబ్బున్న కుక్కకు మాత్రం ఈ లెక్క వర్తించదు. వాటికి పశువైద్యుడే కొలత చెప్పాలి.

సీసా కొనాల్సే వస్తే లేబుల్ మీద అసలు కాల్షియం ఎంతో చూడండి. 1,250 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్‌లో ఉండేది 500 మి.గ్రా. కాల్షియమే. గ్లూకోనేట్‌లో తొమ్మిది శాతమే. లవణం బరువును పెద్ద అక్షరాల్లో వేసి అసలు సంగతి చెప్పని సీసాను పక్కన పెట్టేయడమే మేలు.

చూడి కుక్కల విషయం ఇంకా తీవ్రమైనది. పామరేనియన్, స్పిట్జ్ వంటి చిన్న జాతి ఆడకుక్కలకు కట్టించిన రోజు నుంచీ కాల్షియం పట్టేవాళ్లున్నారు. బయటి నుంచి అలా అందుతూ ఉంటే ఎముకల్లోంచి కాల్షియం తీసి రక్తానికిచ్చే పారాథైరాయిడ్ గ్రంథి మందగిస్తుంది. ఈనాక పాలలోకి కాల్షియం ఒక్కసారిగా వెళుతుంటే రక్తంలో దాని మోతాదు పడిపోతుంది. ఈ స్థితి ఈనిన మొదటి నాలుగు వారాల్లో ఎప్పుడైనా రావచ్చు. తల్లి నిలకడగా పడుకోదు, ఆగకుండా రొప్పుతుంది, కాళ్లు బిగుసుకుని నడుస్తుంది, ఒళ్లు కాలిపోతూ వణుకు, ఆ తర్వాత ఫిట్స్. అప్పుడు నోట్లో సిరప్ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లల్ని వేరు చేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గుండె వింటూ నెమ్మదిగా నరంలోకి కాల్షియం ఎక్కించడమే చికిత్స. చూడి నెలల్లో కావలసింది మంచి ఆహారం. చివరి మూడు వారాల్లో పప్పీ ప్యాకెట్ ఆహారానికి మారిస్తే సరిపోతుంది.

విటమిన్ డి గురించి ఒక హెచ్చరిక. మనుషులు వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల క్యాప్సూళ్లు, చిన్న సీసాలు ఇప్పుడు ఇంటింటా ఉన్నాయి. 20 కిలోల కుక్కకు రోజుకు కావలసింది 130 యూనిట్లకు అటూఇటూ. ఆ లెక్కన ఒక్క క్యాప్సూల్ దానికి ఏడాదికి పైగా సరిపోయే మోతాదు. కిలో బరువుకు 4,000 యూనిట్లు దాటితే విష లక్షణాలు కనిపిస్తాయి. పది కిలోల కుక్క ఒక్కటి మింగితే కిలోకు 6,000. వాంతులు, విపరీతమైన దాహం, ఆపైన మూత్రపిండాలు దెబ్బతినడం. ఎండలో కట్టేస్తే విటమిన్ డి వస్తుందన్నది కూడా కుక్కకు వర్తించదు. దాని చర్మంలో అది చాలినంత తయారుకాదు, ఆహారంతోనే అందాలి.

ఇక గోమార్లు. పిడుదులని కూడా అంటారు. వాటి జ్వరంతో కుక్క చిగుళ్లు పాలిపోతే ఐరన్ టానిక్ కొంటున్నారు. అక్కడ జరుగుతున్నది వేరు. రక్తంలో చేరిన క్రిములవల్ల ప్లేట్‌లెట్లు, రక్తకణాలు తగ్గిపోతున్నాయి. రక్తపరీక్ష చేయించి, చాలాసార్లు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ మూడు నాలుగు వారాలు వాడాల్సి ఉంటుంది. ఐరన్, కాల్షియం ఉన్న టానిక్ అదే సమయంలో పడితే పేగులో డాక్సీసైక్లిన్‌ను పట్టేసుకుని పనిచేయనివ్వవు. మధ్యలో కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, వైద్యుడు వాడమనకపోతే టానిక్ మానేయడమే మంచిది. బొప్పాయి ఆకు సిరప్ ఈ మందుకు బదులు కాదు. గోమార్లు పోతాయని వెల్లుల్లి బిళ్లలు అసలే వద్దు, అవి ఉన్న ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి.

సప్లిమెంట్లలో అన్నీ పనికిరానివని అనడం లేదు. కీళ్ల నొప్పులున్న ముసలి కుక్కకు చేప నూనె నిజంగా మేలు చేస్తుంది. కీళ్లకని అమ్మే గ్లూకోసమైన్‌కు అంత బలమైన ఆధారం లేదు, ఖర్చు మాత్రం ఎక్కువ. నూనె కొనేటప్పుడు 'ఫిష్ ఆయిల్ 1000 మి.గ్రా.' అన్న అంకెను వదిలేసి అందులోని ఒమేగా-3 కొవ్వులైన ఈపీఏ, డీహెచ్ఏ రెండూ కలిపి ఎంతో చూడాలి. మామూలు క్యాప్సూల్‌లో 300 మి.గ్రా. ఉంటుంది. కిలో బరువుకు 50 మి.గ్రా. చొప్పున మొదలుపెడితే 20 కిలోల కుక్కకు మూడు నాలుగు క్యాప్సూళ్లు పడతాయి. మొదటి వారం ఒకటితో మొదలుపెట్టి పెంచాలి, లేకపోతే విరేచనాలు. ఒక్కో క్యాప్సూల్ తొమ్మిది కాలరీలు, ఆ మేరకు అన్నం తగ్గించాలి. కాడ్ లివర్ ఆయిల్ ఇలా వాడకూడదు, అందులో విటమిన్ ఎ, డి ఎక్కువ. అవిసె నూనె బదులుగా చాలదు, దాన్ని ఈపీఏగా మార్చుకునే శక్తి కుక్కకు తక్కువ. వెంట్రుకలు రాలుతుంటే నూనెకు ముందు చర్మం గీకి మైక్రోస్కోప్‌లో గజ్జి పురుగు ఉందేమో చూపించుకోండి.

మనుషుల గమ్మీ విటమిన్లు, చక్కెర లేని నమిలే బిళ్లలు ఇవ్వకండి. వాటిలో చక్కెరకు బదులు వాడే జైలిటాల్ ఉండవచ్చు. కిలో బరువుకు 100 మి.గ్రా. చాలు, అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి కుక్క తూలుతుంది. ఇంకా ఎక్కువైతే కాలేయం పాడవుతుంది.

పెట్ షాపులవారికి ఒక మనవి. సీసా ఇచ్చేముందు కుక్క వయసు, బరువు, రోజూ పెట్టే ఆహారం, ఈ మూడూ అడగండి. ఆరు నెలల్లోపు పెద్ద జాతి పిల్ల ప్యాకెట్ ఆహారం తింటోందంటే కాల్షియం అమ్మకండి. మీ పత్రికవారు కూడా పెంపకం సలహాలు వేసేటప్పుడు మోతాదు లేని టానిక్ సలహాను వేయవద్దని కోరుతున్నాను.

ఒకవేళ కుక్క పైన చెప్పిన విటమిన్ డి క్యాప్సూళ్లో, గమ్మీ బిళ్లలో మింగేస్తే ఉప్పునీళ్లు పోసి కక్కించే ప్రయత్నం చేయకండి, ఉప్పు కూడా దానికి విషమే. ఖాళీ సీసాను లేదా స్ట్రిప్‌ను, ఎన్ని పోయాయన్న లెక్కను పట్టుకుని వెంటనే పశువైద్యుని దగ్గరికి వెళ్లండి. మింగిన రెండు గంటల్లోపు చేరితే ఇంజెక్షన్‌తో కక్కించే అవకాశం ఉంటుంది.

ఇట్లు,
పెంపుడు జంతువుల వైద్యంలో ఉన్న ఒక పశువైద్యురాలు,
విజయవాడ