అచ్చేసినవారే ప్రచురణకర్తలా?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య కొన్ని తెలుగు పుస్తకాల్లో 'ప్రచురణ' అన్న చోట ప్రెస్సు పేరే కనిపిస్తోంది. డీటీపీ చేసి, అచ్చేసి, బైండు చేసి ఇచ్చినవారు ముద్రాపకులు. పుస్తకం వేయాలని నిర్ణయించి, ఖర్చు భరించి, జనంలోకి వదిలేవారు ప్రచురణకర్త. రచయితే డబ్బు పెట్టుకుంటే ఆ స్థానం రచయితదే.

అసలు 'ప్రచురణ' అన్న మాటలో అచ్చు ఊసే లేదు. సంస్కృతంలో 'ప్రచుర' అంటే విస్తారమైన అని. నలుగురిలోకీ విస్తరింపజేయడమే ప్రచురించడం. హిందీలో 'ప్రచుర్' ఇప్పటికీ సమృద్ధి అన్న అర్థంలోనే ఉండిపోయింది. పుస్తకం వేసేవారిని హిందీవారు, కన్నడిగులు వెలుగులోకి తెచ్చేవారన్న భావంతో 'ప్రకాశక' అంటారు. మన పాత పుస్తకాల్లోనూ 'ప్రకాశకులు' ఉండేది, 'చేఁ బ్రకటింపఁబడియె' అనీ ఉండేది. 'వెలువరించు' అన్న చక్కటి తెలుగు మాట ఉన్నా, వెలువరించేవారికి దాన్నుంచి పేరు స్థిరపడలేదు. అదొక లోటే.

మాట పట్టింపు కాదిది. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాతో సహా మరో మూడింటికి ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాల్సింది ప్రచురణకర్తే. మార్పుల్లేని పునర్ముద్రణకు ఈ నిబంధన వర్తించదు. ప్రెస్సు పేరు వేస్తే ప్రెస్సువారు తమ పని కాదనుకుంటారు, రచయితకు సంగతే తెలియదు. పుస్తకం ఎక్కడికీ చేరదు. తప్పితే జరిమానా 50 రూపాయల వరకు, పైన పుస్తకం విలువ. ఆ మొత్తానికి భయపడేవారెవరు?

పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌తో మరో చిక్కు. 13 అంకెల్లో 978, 93 తర్వాత వచ్చే భాగం ప్రచురణకర్తను సూచిస్తుంది. ప్రెస్సువారు తమ ఖాతాలోది ఇస్తే పుస్తకం వారి పేరునే నమోదవుతుంది. రేపు రచయిత ఇంకొకరితో వేయించుకుంటే కొత్త సంఖ్య తీసుకోక తప్పదు. రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఈ సంఖ్యలను ఉచితంగానే ఇస్తుంది. రచయిత సొంత పేరున దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మీ పుస్తక పరిచయాల్లో చివర 'ప్రతులకు' అని అమ్మేవారి చిరునామా ఒక్కటే వేస్తున్నారు. దానికి ముందు ప్రచురణకర్త పేరు విడిగా ఒక వరుసలో ఇవ్వగలరా?

— ఒక పాఠకుడు, విజయవాడ