ఫ్లైవీల్ మార్చారు, స్టార్టర్ మరిచారు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఇంజిన్ మార్పిడి కోసం పంపిన క్లచ్, ఫ్లైవీల్, స్టార్టర్ సెట్‌లో ఒకదానికొకటి సరిపోని భాగాల గురించి

నమస్కారం.

నా పాత కారులో ఉన్న ఇంజిన్ తీసేసి 1987 నాటి షెవర్లే 350 స్మాల్ బ్లాక్ వేసుకుంటున్నాను. క్లచ్, ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం), స్టార్టర్ మూడూ తలోచోటా కొంటే ఎక్కడో ఒకచోట తేడా కొడుతుందన్న భయంతోనే మీ దగ్గర ‘మ్యాచ్డ్ సెట్’ తీసుకున్నాను. ఆర్డర్ పెట్టేటప్పుడే ఇంజిన్ ఏ సంవత్సరందో, దాని వెనక సీల్ (ఆయిల్ కారకుండా ఆపేది) వన్‌పీస్ అనీ, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్‌కు 26 స్ప్లైన్లనీ (క్లచ్ డిస్క్ తొడుక్కునే గాళ్లు) రాశాను. బ్లాకు మీది నంబరు ఫోటో కూడా పెట్టాను. రెండు పార్శిళ్లు వచ్చాయి, కారు మాత్రం ఇంకా స్టాండ్ల మీదే ఉంది.

మొదటి పార్శిల్లో వచ్చిన ఫ్లైవీల్ క్రాంక్‌కి, అంటే ఇంజిన్‌లో తిరిగే ప్రధాన షాఫ్ట్‌కి, కూర్చోనే లేదు. 1986లో వన్‌పీస్ సీల్ వచ్చినప్పుడు క్రాంక్ వెనక బోల్టుల వలయం 3.58 అంగుళాల నుంచి 3 అంగుళాలకు తగ్గింది. మీరు పంపింది అంతకు ముందు ఇంజిన్లది, 168 పళ్లది. నేను సంవత్సరం రాసినా మీవాళ్లు చదవలేదన్నమాట. సరే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అడగ్గానే ఫ్లైవీల్, క్లచ్ వెనక్కి తీసుకుని వేరేవి పంపారు, అందుకు థ్యాంక్స్.

రెండో పార్శిల్లో వచ్చిన ఫ్లైవీల్ సరైనదే. 153 పళ్లు, 10.4 అంగుళాల క్లచ్‌కి సరిపోయేది. కానీ క్లచ్ డిస్క్ మధ్యలో 26 స్ప్లైన్లు ఉండాల్సిన చోట 10 ఉన్నాయి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సెట్‌తో పాటు వచ్చిన, డిస్క్‌ను సరిగ్గా మధ్యలో నిలబెట్టే ప్లాస్టిక్ అలైన్‌మెంట్ టూల్ కూడా 10 స్ప్లైన్లదే. టూల్ డిస్క్‌లోకి ఎంత చక్కగా దూరిందంటే, దాన్నే నమ్ముకున్నవాడు డిస్క్‌ను అదిమి పట్టే ప్రెషర్ ప్లేట్ బిగించేసి, గేర్‌బాక్స్ ఎత్తి పట్టుకుని, అది లోపలికి పోక చేతులు పడిపోయేదాకా తంటాలు పడేవాడు. నాకు డిస్క్‌ని ముందు షాఫ్ట్ మీదే తొడిగి చూసుకునే అలవాటు ఉంది కాబట్టి బల్ల మీదే దొరికిపోయింది. మళ్లీ మీ పార్శిల్ కోసం కూర్చోలేక డిస్క్, టూల్ బయట కొనుక్కున్నాను.

అసలు దెబ్బ స్టార్టర్ దగ్గర తగిలింది. అన్నీ బిగించి, బ్యాటరీ కలిపి కీ తిప్పాను. జుయ్‌మని మోటార్ ఒక్కటే తిరిగింది, ఇంజిన్ ఉలకలేదు పలకలేదు. కిందికి దూరి, డస్ట్ కవర్ విప్పి, లైటు పట్టుకుని చూస్తూ మా అబ్బాయితో మళ్లీ కీ తిప్పించాను. స్టార్టర్ చివరి చిన్న పళ్ల చక్రం, పిన్యన్, బుద్ధిగా ముందుకొచ్చింది, రింగ్ గేర్ (ఫ్లైవీల్ అంచున ఉండే పళ్ల వలయం) పళ్లకు పెన్సిలు దూరేంత దూరంలో గాల్లో తిరిగి వెనక్కి వెళ్లిపోయింది. రింగ్ గేర్ మీద గీత కూడా పడలేదు. అనుమానం తీరక ఒక పన్ను మీద సుద్దతో గుర్తు పెట్టి, క్రాంక్ చేత్తో తిప్పుతూ లెక్కపెట్టాం. మొదటిసారి 152 వచ్చింది, రెండోసారి 153.

జరిగింది ఇదీ. మొదటి సెట్‌లో స్టార్టర్ 168 పళ్ల ఫ్లైవీల్‌కి సరిపోయేది. ఆ ఫ్లైవీల్ వ్యాసం సుమారు 14 అంగుళాలు, 153 పళ్లది సుమారు 12.75. అంటే పళ్ల అంచు ఒక్కో వైపు అర అంగుళం పైనే లోపలికి జరుగుతుంది. అందుకే 168కి బోల్టులు ఏటవాలుగా ఉండే స్టార్టర్, 153కి రెండు బోల్టులూ సూటిగా ఒకే వరసలో ఉండే స్టార్టర్ వాడతారు. మీరు ఫ్లైవీల్ మార్చారు, దానితో పాటు మారాల్సిన స్టార్టర్‌ని వదిలేశారు. నా బ్లాకుకు రెండు రకాలకూ సరిపడా మూడు రంధ్రాలూ ఉండటంతో అది హాయిగా బిగుసుకుంది. బిగించే ముందు నేనూ ఆ బోల్టుల వరస గమనించి ఉండాల్సింది, కాదనను. అయితే స్టార్టర్ పెట్టె మీద గానీ బిల్లులో గానీ పళ్ల సంఖ్య ఎక్కడా లేదు.

ఫోన్ చేస్తే మీ టెక్నికల్ విభాగంలో ఒకాయన ‘షిమ్‌లు (సందులో పెట్టే పల్చటి రేకులు) వేసి సర్దుకోండి’ అన్నారు. బ్లాకుకీ స్టార్టర్‌కీ మధ్య షిమ్ వేస్తే స్టార్టర్ ఫ్లైవీల్ నుంచి ఇంకా దూరం జరుగుతుంది, దగ్గరకు రాదు. బయటి బోల్టు ఒక్కదానికే వేస్తే కాస్త లోపలికి వాలుతుంది, అదీ మిల్లీమీటరు లెక్కలో. ఇలాంటి సలహా విని ఎవరైనా పళ్లు అరకొరగా తగిలేలా తిప్పుకుంటే కొత్త రింగ్ గేర్ పాడవుతుంది, అప్పుడు దానికోసం మళ్లీ గేర్‌బాక్స్ దించాలి.

చివరికి రిటర్న్ అడిగితే, బోల్టుల దగ్గర గుర్తులు పడ్డాయి, వాడిన వస్తువు కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు. ఒక్కసారి కూడా ఇంజిన్‌ని తిప్పని స్టార్టర్ వాడిన వస్తువు ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు.

దయచేసి 153 పళ్ల ఫ్లైవీల్‌కి సరిపోయే, సూటి బోల్టుల స్టార్టర్‌ని మీ ఖర్చుతోనే పంపించండి, ఇప్పుడున్నదాన్ని వెనక్కి తీసుకోండి. నేను బయట కొన్న డిస్క్, టూల్ బిల్లు దీనికి జత చేశాను, ఆ డబ్బు నాకు తిరిగి ఇవ్వండి. స్టార్టర్ పంపే ముందు దాని ముక్కు, బోల్టు రంధ్రాలు కనిపించేలా ఒక ఫోటో తీసి ఈమెయిల్ చేయండి. నేను చూసి సరే అన్నాకే పార్శిల్ కట్టండి, మూడోసారి కూడా తప్పుది వస్తే విప్పే ఓపిక నాకు లేదు.

10 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. అప్పటికీ ఏమీ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. పిన్యన్‌కీ రింగ్ గేర్‌కీ మధ్య సందు కనిపించే వీడియో, పెట్టెల మీది లేబుళ్ల ఫోటోలు కూడా జత చేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు