డేట్ దాటిందని చెప్పావు కదా

చిన్నీ,

ఫోన్‌లో పీరియడ్ డేట్ దాటిపోయిందని చెప్పి వెంటనే మాట మార్చేశావు, పక్కన ఎవరో ఉన్నారని నేనూ రెట్టించలేదు, అందుకే ఇలా రాస్తున్నా.

ముందు ఒకటి విను. నీ రూమ్మేట్ చెప్పిందని మెడికల్ షాపుకెళ్లి పీరియడ్స్ వచ్చే మాత్రలు కొనుక్కోకు. అవి హార్మోన్ మాత్రలు, ఆపేసిన కొద్ది రోజులకు బ్లీడింగ్ వస్తుంది, అసలు ఎందుకు ఆగిందన్నది మాత్రం తేలదు.

అండం విడుదలైన సుమారు రెండు వారాలకు నెలసరి వస్తుంది. ఈ రెండు వారాల్లో పెద్దగా తేడా ఉండదు, ఆలస్యమయ్యేది అండం విడుదలే. టెన్షన్, జ్వరం, తిండి బాగా తగ్గించడం, ఒక్కసారిగా జిమ్ ఎక్కువ చేయడం, వీటిలో ఏదైనా సరే మెదడు నుంచి అండాశయాలకు వెళ్లే సంకేతాలను తగ్గించేస్తుంది. నువ్వేమో పరీక్షలని తెల్లార్లూ మేలుకుంటున్నావు, అక్క పెళ్లికి సన్నబడాలని రాత్రి అన్నం మానేశావు, ఇక డేట్ ఎలా నిలుస్తుంది తల్లీ! అన్నం తిను, దయచేసి. మామూలుగా 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా ఫర్వాలేదు. నాయనమ్మ చెప్పే నువ్వులు, బెల్లం కూడా తిను, ఒంటికి మంచివే, కానీ వాటితో పీరియడ్ వచ్చేస్తుందని ఎదురుచూడకు.

ఇంకో సంగతి, నిన్ను ప్రశ్నించడానికి కాదు, తెలిసుండాలని చెబుతున్నా. ఎవరితోనైనా కలిసి ఉంటే మొదట చేయాల్సింది ప్రెగ్నెన్సీ టెస్ట్. షాపులో కిట్ దొరుకుతుంది, పొద్దున్నే మొదటి మూత్రంతో చూసుకోవాలి, నెగటివ్ వచ్చినా పీరియడ్ రాకపోతే వారం ఆగి మళ్లీ చూడాలి. గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ పిల్ వేసుకున్నా డేట్ అటూ ఇటూ అవుతుంది. పాజిటివ్ వస్తే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే, నేను తిట్టను. డాక్టర్ లేకుండా అబార్షన్ మాత్రలు మాత్రం వేసుకోవద్దు. కడుపులో ఒకపక్క విపరీతంగా నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రెగ్నెన్సీ కాకుండానే మూడు నెలలు పీరియడ్ రాకపోయినా, లేదా తరచూ ఇలాగే అవుతూ గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, బరువు పెరుగుతున్నా పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా వల్ల వచ్చే సమస్య), థైరాయిడ్ ఉన్నాయేమో చూపించుకోవాలి. పెళ్లి కాని పిల్లకు గైనకాలజిస్ట్ ఎందుకని అనేవాళ్లను పట్టించుకోకు. నేను వస్తాను నీతో. ఆవిడ మొదట అడిగేది పోయినసారి ఎప్పుడొచ్చిందనే, ఆ తేదీ, గుర్తున్నంత వరకు అంతకు ముందువీ ఫోన్‌లో రాసిపెట్టుకో.

అమ్మ