మస్ట్ అనే ముందు ఆధారం ఏదో చూసుకో

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరమూ, దానితో పంపిన అభ్యాసాల కాగితాలూ అందాయి. ఇంటర్వ్యూ కోసం ఇంగ్లిష్ వ్యాకరణం మళ్ళీ మొదటి నుంచి పట్టుకున్నందుకు సంతోషం. మస్ట్, షుడ్, మైట్, కుడ్ దగ్గరకు వచ్చేసరికి ఖాళీలు పూరించడంలో సగం తప్పుతున్నాయని వాపోయావు. నీ జవాబులు చదివాక నాకు తోచింది ఒక్కటే: ఈ మాటల అర్థాలు నీకు కంఠస్థమే, కానీ ఆ వాక్యం అంటున్న మనిషి దేన్ని చూసి అలా అంటున్నాడో నువ్వు ఆలోచించడం లేదు.

రూపం సంగతి త్వరగా ముగిద్దాం. క్యాన్, కుడ్, మే, మైట్, మస్ట్, షల్, షుడ్, విల్, వుడ్ అనే ఈ తొమ్మిదింటికీ కర్త హి అయినా, షి అయినా చివర ఎస్ చేరదు, వెనుక టు రాదు, ప్రశ్న వేయడానికి డు అక్కరలేదు. హ్యావ్ టు వీటిలోది కాదు గనుక దాని సంగతి వేరు: హి, షి వస్తే హ్యాజ్ టు అవుతుంది, టు వెంటే ఉంటుంది, ప్రశ్నకు డు కావాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఒక మిత్రుడి గది తలుపు తట్టావు, జవాబు రాలేదనుకో. నీకు ఇంకేమీ తెలియకపోతే "హి మైట్ బి అస్లీప్", "హి కుడ్ బి అవుట్" అని రెండూ అనవచ్చు. అవి ఒకదానికొకటి అడ్డు రావు. అతను రోజూ ఆరింటికి ఇల్లు చేరతాడనీ, ఇప్పుడు ఆరున్నర దాటిందనీ తెలిస్తే "హి షుడ్ బి హోమ్ బై నౌ" అంటావు. ఇక్కడ నీకు ఆధారం అతని అలవాటే తప్ప కంటికి కనబడినదేదీ కాదు. ఇంతలో తలుపు కింది సందులోంచి వెలుతురు కనబడి, లోపల ఎవరో దగ్గిన చప్పుడు వినిపించిందనుకో, అప్పుడు "హి మస్ట్ బి ఇన్" అని తేల్చవచ్చు. అతనే తలుపు తీసి ఎదుట నిలబడ్డాక మాత్రం మస్ట్‌కు పని లేదు, "హి ఈజ్ ఇన్" అంటే చాలు. మస్ట్ ఎంత గట్టిగా వినిపించినా ఈజ్ కంటే ఒక మెట్టు కిందే ఉంటుంది, ఎందుకంటే కళ్ళారా చూసినదాన్ని ఎవరూ ఊహించి చెప్పరు.

షుడ్‌కు ఉన్న మరో గుణం నాకు చాలా ఇష్టం. "హి షుడ్ బి హియర్, బట్ హి ఈజ్‌న్ట్" అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, అనుకున్నది జరగలేదని అర్థం. అదే వాక్యంలో, ఊహించి తేల్చే అర్థంలో మస్ట్ పెడితే నీ మాటను నువ్వే కొట్టేసుకున్నట్లు అవుతుంది. పైగా ఈ షుడ్ మంచి జరుగుతుందని ఎదురుచూసేటప్పుడే నప్పుతుంది. రైలు ఆలస్యమవుతుందని అనుకుంటున్నప్పుడు "ద ట్రైన్ షుడ్ బి లేట్" అనరు, "విల్ ప్రాబబ్లీ బి లేట్" అంటారు.

నీ తప్పుల్లో ఎక్కువ భాగం నాట్ చేరిన చోటనే ఉన్నాయి. "హి మస్ట్ బి ఇన్" అన్న ఊహకు ఎదురుమాట "హి కాంట్ బి ఇన్". అమెరికన్ల నోట ఈ అర్థంలో మస్ట్ నాట్ కూడా వింటావు గానీ, పరీక్షలో కాంట్ రాయడమే క్షేమం. అవసరం విషయంలో తేడా ఇంకా పెద్దది. "యు మస్ట్ నాట్ సైన్ దిస్ ఫామ్" అంటే సంతకం పెట్టకూడదు, "యు డోంట్ హ్యావ్ టు సైన్ దిస్ ఫామ్" అంటే పెట్టనక్కరలేదు, పెట్టినా తప్పు లేదు. అలాగే "ఇట్ మైట్ నాట్ బి ట్రూ" అన్నవాడు సందేహిస్తున్నాడు, "ఇట్ కుడ్‌న్ట్ బి ట్రూ" అన్నవాడు అసంభవమని కొట్టిపారేస్తున్నాడు.

నువ్వు చేరబోయేది సాఫ్ట్‌వేర్ పని గనుక ఒక సంగతి చెబుతాను. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవారు ఈ మాటలను తలా ఒక రకంగా అర్థం చేసుకోకుండా 1997లో ఆర్ఎఫ్‌సి 2119 అనే పత్రంలో వాటికి హద్దులు గీశారు. మస్ట్ అంటే మినహాయింపు లేని నియమం. షుడ్ అంటే తగిన కారణం ఉండి, పర్యవసానాలన్నీ తూచి చూసుకున్నాక మాత్రమే పక్కన పెట్టదగినది. మే అంటే పూర్తిగా ఐచ్ఛికం. పెద్ద అక్షరాల్లో రాసినప్పుడే ఈ ప్రత్యేకార్థాలు చెల్లుతాయని 2017లో మరో పత్రం తేల్చి చెప్పింది. నియమాలు రాసేవారికే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు నువ్వు తడబడడంలో వింత ఏముంది?

భూతకాలంలో మస్ట్ రెండు దారులు పడుతుంది. తప్పనిసరి అయిన పనికి "షి హ్యాడ్ టు లీవ్ ఎర్లీ" అంటారు; ఆమె త్వరగా వెళ్ళవలసి వచ్చింది. ఊహకైతే "షి మస్ట్ హ్యావ్ లెఫ్ట్ ఎర్లీ" అంటారు. ఆమె త్వరగా వెళ్ళిపోయి ఉండాలి. వేగంగా మాట్లాడేటప్పుడు ఆ హ్యావ్ కరిగిపోయి మస్టవ్ అని వినిపిస్తుంది. ఆ చివరి చప్పుడును ఆఫ్ (of) అనుకొని రాసేవారు ఇంగ్లిష్ మాతృభాష అయినవారిలోనూ ఉన్నారు, నువ్వు మాత్రం రాయకు. "నీడ్‌న్ట్ హ్యావ్ కమ్" అన్నామంటే ఆ మనిషి వచ్చేశాడు, రాకపోయినా సరిపోయేదని భావం. "డిడ్‌న్ట్ నీడ్ టు కమ్" అన్నప్పుడు వచ్చాడో రాలేదో ఆ మాటను బట్టి చెప్పలేం.

ఖాళీలు పూరించడం కొన్నాళ్ళు ఆపేయి. అక్కడ ఆధారం పుస్తకం వాళ్ళే ఇచ్చేస్తారు, దాన్ని వెతికే పని నీకు మిగలదు. దానికి బదులు, తాళంచెవి కనబడడం లేదనుకొని, అది ఎక్కడ ఉండి ఉంటుందో, ఎక్కడ ఉండే అవకాశమే లేదో ఒక పేజీ రాసి పంపు. ప్రతి వాక్యం పక్కన నీ ఆధారమేమిటో తెలుగులో రాయి. ఆధారం చూపని మస్ట్ హ్యావ్‌లన్నిటినీ ఎర్ర సిరాతో మైట్ హ్యావ్‌లుగా దిద్ది తిప్పి పంపుతాను, అప్పుడు నన్ను తిట్టుకోకు.

ఇట్లు,
నీ మిత్రుడు