ర్యామ్ కొనిచ్చే దాతలకు, అమ్మే అంగళ్ళకు ఒక మనవి

సంపాదకులకు నమస్కారం.

నేను కడపలో హైస్కూలు లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఎర్రముక్కపల్లిలో ఒక చిన్న హాలులో సాయంత్రం పూట పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ఉచితంగా కంప్యూటర్ నేర్పుతున్నాం. మా దగ్గర ఉన్నవి ఒక ఆఫీసు వాళ్ళు వాడి తీసేసిన, ఇంటెల్ కంపెనీ ఐ3 ప్రాసెసర్ ఉన్న పాత మెషిన్లు. ఒక్కోదానిలో 4 జీబీ ర్యామ్, అంటే తెరిచిన పనులను కంప్యూటర్ అప్పటికప్పుడు పెట్టుకునే మెమరీ, ఉండేది. బ్రౌజరు, తెలుగు టైపింగ్, ఎక్సెల్ మూడూ ఒకేసారి తెరిస్తే మౌస్ కూడా కదిలేది కాదు. సంగతి తెలిసి కువైట్‌లో పనిచేస్తున్న నా పాత విద్యార్థులు తలా కొంత వేసుకుని డబ్బు పంపారు. ఆ ఎండల్లో వాళ్ళు ఎట్లా సంపాదిస్తారో కడప జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మెషిన్లను ఒక అంగడికి ఇచ్చి స్పీడు పెరగాలని అడిగితే, వాళ్ళు ఒక్కోదానికి ఇంకో 4 జీబీ వేసి బిల్లు ఇచ్చారు.

స్పీడు ఏమాత్రం పెరగలేదు. సెట్టింగ్స్ తెరిచి చూస్తే ఇన్‌స్టాల్డ్ ర్యామ్ 8 జీబీ, యూజబుల్ (వాడుకోగలిగేది) 3.24 జీబీ అని ఉంది. ఆ కిందే ఇంకో లైను: 32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్. అంటే ప్రాసెసర్ 64-బిట్‌దే, దాని మీద వేసిన విండోస్ 10 మాత్రం 32-బిట్‌ది. అంగడిలో అడిగితే, "8 అని చూపిస్తోంది కదా మేడం, ర్యామ్ బాగానే ఉంది" అన్నారు. ర్యామ్ బాగానే ఉంది, ఎవరూ కాదనలేదు. కానీ పిల్లల కోసం పంపిన డబ్బుతో కొన్నది పిల్లలకు పనికిరాకుండా అట్లా కూర్చుంది. బిల్లు రాసే ముందు ఆ రెండు లైన్లు చదివి ఉంటే సరిపోయేది.

ఇది ఎందుకు జరుగుతుందో మా పిల్లలకు బోర్డు మీద చెప్పాను, ఇక్కడా చెప్పనివ్వండి. మెమరీ అంతా బైట్లనే చిన్న అరలు. ప్రతి బైటుకూ ఇంటికి ఉన్నట్టే ఒక డోర్ నంబరు, అంటే అడ్రసు, ఉంటుంది. ఆ నంబరు రాయడానికి మామూలు 32-బిట్ సిస్టమ్‌లో ఉన్నవి 32 గళ్ళు, ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ. ఆ గడినే బిట్ అంటారు. రెండును 32 సార్లు వేసి గుణిస్తే 429,49,67,296 వస్తుంది. 4 జీబీ అంటే అన్ని బైట్లే. ఆ తర్వాతి బైటు ఉన్నా దానికి రాయడానికి నంబరు లేదు. ఉన్న నంబర్లన్నీ ర్యామ్‌కే దక్కవు కూడా. గ్రాఫిక్స్, నెట్‌వర్క్ కార్డు, మెషిన్‌ను మొదట లేపే బయోస్ చిప్ లాంటి వాటికీ అదే వరుసలో చోటు ఇవ్వాలి. అందుకే చాలా మెషిన్లలో 4 కూడా పూర్తిగా అందదు, మూడుకూ మూడున్నరకూ మధ్య ఆగిపోతుంది.

ఒక పిల్లవాడు, "64 అంటే 32కు డబుల్ కదా టీచర్, అప్పుడు 8 జీబీ అవుతుందా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. పెద్దవాళ్ళలో కూడా చాలామంది అట్లాగే అనుకుంటారు. 8 జీబీకి 33వ గడి ఒక్కటి చాలు. 34వ దానితో 16, 35తో 32, 36తో 64 జీబీ. గడి పెరిగిన ప్రతిసారీ రెట్టింపు. 2003లో ఏఎండీ కంపెనీ పీసీలకు 64-బిట్ ప్రాసెసర్ తెచ్చినప్పుడు ప్రోగ్రాములకు ఇచ్చే అడ్రసులో వాడుకున్నవి 48 గళ్ళే, దానికే 256 టీబీ వచ్చింది (ఒక టీబీ అంటే 1024 జీబీ). ఇంటెల్ కొత్త సర్వర్ చిప్పులు 57 దాకా వెళ్ళాయి. మొత్తం 64 గళ్ళూ వాడే అవసరం ఇంకా ఎవరికీ రాలేదు. 1978 నాటి ఇంటెల్ 8086 ప్రాసెసర్‌కు 20 గళ్ళు, అంటే 1 ఎంబీ (జీబీలో 1024వ వంతు). 1985లో వచ్చిన 386తో 32 గళ్ళయ్యాయి. ఘాతాంకాల పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు నా సర్వీసంతా దొరకలేదు.

హద్దు ఎప్పుడూ ప్రాసెసర్‌దే కాదన్న విషయం ఎక్కువమందికి తెలియదు, నాకు బాధ కలిగించేదీ అదే. 1995 నాటి పెంటియమ్ ప్రో నుంచే ఇంటెల్ 32-బిట్ చిప్పుల్లో కూడా మెమరీ అడ్రసుకు 36 గళ్ళ ఏర్పాటు ఉంది. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ సర్వర్ 2008 ఎంటర్‌ప్రైజ్ 32-బిట్ అయినా 64 జీబీ వాడుకునేది. ఇళ్ళలో వాడే విండోస్ ఎక్స్‌పీని మాత్రం 4 దగ్గరే ఆపారు. 4 జీబీ దాటిన అడ్రసులు చూస్తే కొన్ని పరికరాలను నడిపే డ్రైవర్ ప్రోగ్రాములు తట్టుకోలేక సిస్టమ్ క్రాష్ అయ్యేదని కారణం చెప్పారు. అది న్యాయమైన కారణమే. మరి విండోస్ 7 సంగతి? 64-బిట్‌లోనే హోమ్ బేసిక్‌కు 8 జీబీ, హోమ్ ప్రీమియమ్‌కు 16, ప్రొఫెషనల్‌కు 192. మెషిన్ ఒకటే, డబ్బు కొద్దీ హద్దు. విండోస్ 10లో 32-బిట్ ఏ ఎడిషనైనా 4 దగ్గరే ఆగుతుంది, 64-బిట్ హోమ్ 128 జీబీ దాకా, ప్రో 2 టీబీ దాకా పోతుంది. ఎడిషన్లు వేరుగా అమ్ముకోవడం వాళ్ళ వ్యాపారం. కొనేవాడికి ఆ అంకె ముందే చెప్పడం అమ్మేవాడి బాధ్యత.

వీటన్నిటి తర్వాత, ప్రాసెసరూ ర్యామూ బిగించే మదర్‌బోర్డు ఉంది. దాని హద్దు దాని మీది చిప్‌సెట్‌ను బట్టి ఉంటుంది. పాత కోర్ 2 డ్యుయో ప్రాసెసర్ 64-బిట్‌దే అయినా, జీ31 చిప్‌సెట్ బోర్డు 4 జీబీ దాటి తీసుకోదు. జీ41 అయితే 8, మా ఐ3ల్లో ఉన్న హెచ్61 అయితే 16.

మా మెషిన్లు ఇప్పుడు బాగున్నాయి. నా దగ్గర పదో తరగతి చదివి ఇంజినీరింగ్‌లో చేరిన అమ్మాయి ఒకతి వచ్చి, ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి తీసి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, 64-బిట్‌ది వేసింది. దాదాపు 8 జీబీ మొత్తం వాడకంలోకి వచ్చింది. విండోసే కావాలంటే 64-బిట్‌ది మొదటి నుంచీ కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి, 32 మీద నుంచి అట్లాగే అప్‌గ్రేడ్ కాదు. అదే ఎడిషన్ అయితే లైసెన్సు మళ్ళీ కొనక్కర్లేదు. విండోస్‌కు ముందటి డాస్ కాలపు బిల్లింగ్ ప్రోగ్రాం నడుపుకునే అంగళ్ళ వాళ్ళు మాత్రం తొందరపడకండి. 16-బిట్ ప్రోగ్రాములు 64-బిట్ విండోస్‌లో నేరుగా నడవవు. డాస్ ప్రోగ్రాములను కొత్త సిస్టమ్‌లో నడిపే డాస్‌బాక్స్‌లో ముందు ప్రయత్నించి చూసుకోండి.

ఇప్పుడే ఈ ఉత్తరం రాయడానికి కారణం ఉంది. విండోస్ 10కు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు 64-బిట్ తప్పనిసరి, ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. ఆఫీసులు పాతవి తీసేస్తున్నాయి, అవి బడులకూ గ్రంథాలయాలకూ దానంగా వస్తున్నాయి. వచ్చిన చోటల్లా ఎవరో ఒక పుణ్యాత్ముడు "ర్యామ్ వేయిస్తా" అంటాడు. నిజంగా 32-బిట్ ప్రాసెసరే ఉన్న మెషిన్ల మీద అయితే డబ్బు పెట్టకండి. లినక్స్ రకాల్లో ఉబుంటు 2017లోనే వాటికి డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపింది, డెబియన్ కూడా 2025లో ఆపేసింది.

అంగళ్ళ యజమానులను నేను అడిగేది పెద్ద పనేమీ కాదు. ర్యామ్ అమ్మే ముందు సిస్టమ్ పేజీ తెరిచి, సిస్టమ్ ఎన్ని బిట్లదో, బోర్డు గరిష్ఠంగా ఎంత తీసుకుంటుందో బిల్లు మీద రాసివ్వండి. హెడ్మాస్టర్లు కొటేషన్ అడిగేటప్పుడే ఆ రెండూ రాసి ఇమ్మనండి, లేకపోతే సంతకం పెట్టకండి. దూరం నుంచి డబ్బు పంపే బిడ్డలు ముందు ఆ పేజీ ఫోటో తీసి పంపమని అడగండి. అడిగినందుకు మాలో ఎవరూ చిన్నబుచ్చుకోరు.

మీ పత్రికకూ ఒక విన్నపం. ప్రవేశ పరీక్షల మోడల్ పేపర్లు వేసే పేజీలో ఒక్కసారి ఏ విండోస్ ఎంత మెమరీ దాకా పోతుందో, ఏ పాత బోర్డు ఎంత తీసుకుంటుందో పట్టికగా వేయండి. తెలుగులో అచ్చయిన కాగితం చేతిలో ఉంటే, జమ్మలమడుగు నుంచి వచ్చిన టీచరైనా బద్వేలు నుంచి వచ్చిన టీచరైనా అంగడిలో గట్టిగా అడగగలరు. పట్టిక తయారుచేసి పంపడానికి నేను సిద్ధం.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయిని, కడప