ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్న మనిషీ వాద్యకారుడే

ఎడిటర్ గారికి నమస్కారం.

కచేరీల్లోకి కంప్యూటర్ వస్తే ఇక సంగీతం మిగలదని మీ ఆదివారం సంచికలో ఒక పాఠకుడు రాశారు. ముందే రికార్డు చేసుకున్న ట్రాక్ పెట్టి దాని మీద వయొలిన్ వాయించే కార్యక్రమాలు నాకూ నచ్చవు. ట్రాక్ ఎవరి వాయిద్యమూ వినదు, మనమే దాని వెంట పరుగెత్తాలి. కానీ పక్కవాళ్లు వాయిస్తున్న నాదాన్నే అప్పటికప్పుడు ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని రూపం మార్చి వినిపించడం వేరే విద్య. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దని నా మనవి.

ఇంగ్లండ్‌కు చెందిన శాక్సఫోన్ విద్వాంసుడు ఇవాన్ పార్కర్ 1990లలో ఇలాంటి బృందాన్నే నడిపారు. వయొలిన్, డబుల్ బేస్, డ్రమ్స్ వాయించేవాళ్లతో పాటు వాల్టర్ ప్రాటీ, మార్కో వెక్కీ అనే ఇద్దరు ఇటాలియన్లు యంత్రాలతో అందులో ఉండేవారు. 1997లో ఈ బృందం రికార్డును ఈసీఎం అనే సంగీత కంపెనీ విడుదల చేసింది. అంతా మనోధర్మమే, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించేదే. వయొలిన్ నాదం మైక్ ద్వారా యంత్రంలోకి వెళ్లి, మారి తిరిగొస్తుంది. అది విని వయొలిన్ మనిషి తన తర్వాతి పలుకు ఎంచుకోవాలి. మన కచేరీలో రాగాలాపన జరిగేటప్పుడు గాయకుడి వెనకే ఒక్క క్షణం ఆలస్యంగా వయొలిన్ నడవడం లేదూ? వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన ఊళ్లో ఉంటున్న మాకు ఇది కొత్త సంగతి కాదు.

నా దగ్గర నేర్చుకునే ఇంజినీరింగ్ అబ్బాయి ఒకడు నా వయొలిన్‌కు కాంటాక్ట్ మైక్ (వాయిద్యానికే అంటించే చిన్న మైక్) తగిలించి ఈ సాధన చేస్తున్నాడు. నేను మోహన రాగంలో పంచమం మీద నిలబడితే దాన్ని మంద్రస్థాయికి దించి రెండు మూడు సెకన్ల తర్వాత వదులుతాడు. గదంతా నిండిపోతుంది. తోడి రాగంలో అది కుదరదు. గమకంతో, అంటే స్వరాన్ని ఊపుతూ వాయించిన గాంధారం నేను మధ్యమానికి వెళ్లాక తిరిగొస్తే రెండూ పాడవుతాయి. అందుకని తోడి మొదలుపెట్టగానే వాడు స్వరాల జోలికి రాడు. తీగ మీద కమాను రాసుకునే చప్పుడు మాత్రం తీసుకుంటాడు, లేదా చేతులు కట్టుకుని వింటాడు. రాగం తెలియనివాడికి ఇది చేతకాదు.

సభల నిర్వాహకులు ఇలాంటి కళాకారుణ్ని హాలు చివర సౌండ్ మిక్సర్ దగ్గర కాకుండా వేదిక మీదే, మిగతావాళ్ల కళ్లు కనిపించేచోట కూర్చోబెట్టాలి. స్పీకర్ కూడా అతని పక్కనే ఉండాలి. అన్నీ హాలు స్పీకర్లలోంచే వస్తే ఏ శబ్దం ఎవరిదో తెలియదు. స్పీకర్ చప్పుడు తిరిగి మైక్‌లో పడితే కూత పెడుతుంది కాబట్టి సౌండ్ చెక్‌కు కనీసం గంట ఇవ్వాలి.

1919లో మొదలైన మా విజయనగరం సంగీత కళాశాలలో మైక్ గురించి, నాదాన్ని మార్చే పద్ధతుల గురించి ఒక చిన్న కోర్సు పెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. మీ సమీక్షల్లో మృదంగం ఎవరో, ఘటం ఎవరో రాసినట్టే ఎలక్ట్రానిక్స్ ఎవరో కూడా దయచేసి రాయించండి.

భవదీయుడు,
ఒక వయొలిన్ మాస్టారు,
విజయనగరం