వచ్చే వెర్షన్‌లో మారేవి, మారనివి

మా టూల్ వాడుతున్న అందరికీ నమస్కారం. వచ్చే వెర్షన్‌లో ఒక డీఫాల్ట్ మారుతోంది. కొందరికి నచ్చదని తెలుసు, అందుకే ముందే చెప్తున్నాం.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. మీ ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ని పైప్ (ఒక ప్రోగ్రామ్ రాసింది ఇంకో ప్రోగ్రామ్‌కి చేరే దారి) ద్వారా మా కమాండ్‌కి అందిస్తే ఒక వెబ్ లింక్ వస్తుంది. లాగ్ అయినా, సెన్సర్ రీడింగ్ అయినా, ఆ లింక్ తెరిచినవాళ్లకి ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. రూటర్‌లో పోర్టులు తెరిచే పనిలేదు, కనెక్షన్ మీ వైపు నుంచే బయటికి వెళ్తుంది.

ఒక్క లైను కూడా పోకూడదని, ఇన్నాళ్లూ నెట్ నెమ్మదిస్తే మా టూల్ చదవడం ఆపేది. లైనక్స్‌లో పైపు మామూలుగా 64 కిలోబైట్లు పడుతుంది. అది నిండితే, రాస్తున్న మీ ప్రోగ్రామ్ ఖాళీ దొరికేదాకా అక్కడే ఆగాలి. ఎవరో చూడ్డానికి పెట్టిన లింకు కోసం అసలు పని నిలిచిపోవడం మాకు సబబుగా అనిపించలేదు. ఇకపై టూల్ చదువుతూనే ఉంటుంది. మెమరీ పరిమితి దాటితే పాత లైన్లు వదిలేసి, ఎన్ని వదిలిందో స్ట్రీమ్‌లోనే చూపిస్తుంది. పాత పద్ధతి కావాలంటే ఒక ఆప్షన్ ఉంటుంది. లెక్కలకి, ఆడిట్‌కి వాడేవాళ్లు దాన్ని మీ స్క్రిప్టుల్లో తప్పక పెట్టుకోండి.

"లైన్లు ఆగి ఆగి ఒక్కసారిగా గుంపుగా వస్తున్నాయి, సర్వర్లు పెంచండి" అని చాలామంది రాస్తున్నారు. పెద్ద ప్లాన్ అమ్మడానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు! కానీ దానివల్ల ఈ సమస్య తీరదు. అవుట్‌పుట్ టెర్మినల్‌కి కాకుండా పైపుకి వెళ్తుంటే చాలా ప్రోగ్రాములు లైను లైనుకీ పంపవు, బఫర్ (కాసేపు పోగేసే మెమరీ) నిండాకే వదులుతాయి. పైథాన్ అయితే మైనస్ యూ (-u) ఆప్షన్ పెట్టి నడపండి. లైన్లు వెతికే గ్రెప్‌కి లైన్ బఫర్డ్ (--line-buffered) ఆప్షన్ ఉంది. మిగతా వాటిలో చాలావాటికి, బఫర్ తీరు మార్చే స్టడ్‌బఫ్ (stdbuf) కమాండ్ సరిపోతుంది.

ఇక డబ్బుల సంగతి. మీరు పంపేది ఒక్కసారే అయినా, వందమంది చూస్తే మేం వంద కాపీలు పంపాలి. మా ఖర్చంతా అక్కడే. అందుకే ఉచిత లింకులకి ఇకపై గడువు ఉంటుంది, డబ్బు కట్టినవాళ్ల లింకులు ఎప్పటిలాగే ఉంటాయి.

పాత డేటా మా దగ్గర నిల్వ ఉంచమని కూడా అడుగుతున్నారు. ఆ పని మేం చెయ్యం. మీ లాగ్‌లో ఏ పాస్‌వర్డ్ ఉంటుందో మాకు తెలీదు, అది మా డిస్కులో ఉంటే మాకే టెన్షన్. మీరూ లింకుకి పాస్‌వర్డ్ పెట్టండి, లేకపోతే లింకు ఎవరికి దొరికితే వాళ్లు చూసేస్తారు.